పొన్నాడ కప్పి పంపేశారు

పోయిన వారం మనం తనుశ్రీని తిరువళ్ళూరు కల్యాణ మండపంలో, భుజాల మీద పొన్నాడతో, ముఖం నిండా నవ్వుతో వదిలిపెట్టి వచ్చాం. ఆ నవ్వు మరునాటి పొద్దుటిదాకా కూడా నిలవలేదు. తిరుత్తణి గానుగ మిల్లు వార్షికోత్సవంలో తన పని మెచ్చుకుని శాలువా కప్పారనుకుంది పిచ్చిపిల్ల. తెల్లారి ఫోను తెరిస్తే మిల్లు వాట్సాప్ గ్రూపులో అదే ఫోటో, దాని కింద ఒక వాక్యం. 'సొంత కారణాల వల్ల మన సంస్థను వీడి వెళుతున్న తనుశ్రీకి హృదయపూర్వక వీడ్కోలు.' ఆ కింద చప్పట్లు, దండాలు, పూలగుత్తులు. ఆ వీడ్కోలు తనకేనని అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది.

తనుశ్రీది మూడేళ్ళ ఒప్పందం. రెండేళ్ళు కూడా నిండలేదు. మిల్లుకు వచ్చే వేరుసెనగ గింజ మంచిదో కాదో, బయటికి పోయే నూనె సరిగ్గా ఉందో లేదో చూసే ఆఫీసరు ఆమె. మధ్యలో తీసేయాల్సి వస్తే కారణం చూపించి, రెండు నెలల ముందు రాసి ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. యజమాని షణ్ముగం చెట్టియారు రాసి ఇవ్వలేదు. కారణం చెప్పలేదు. పొన్నాడ కప్పి, చేతిలో తాంబూలం పెట్టి, ఫోటో తీయించి పంపేశాడు. మెడ పట్టి గెంటితే ఊరంతా చూస్తుంది గానీ, శాలువా కప్పి గెంటితే చప్పట్లు కొడుతుంది. షణ్ముగం చెట్టియారు తెలివంతా అక్కడే ఉంది.

ఇక ఈ వారం సంగతికి వద్దాం.

తనుశ్రీ రైల్లో ఉంది. పొద్దున పూట చెన్నై వైపు పోయే బండ్లలో ఊపిరాడదు గానీ తిరుత్తణి వైపు వచ్చే బండ్లలో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. అయినా ఆమె కూర్చోలేదు. కడంబత్తూరులో లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. మనవూరులో తిరిగి వచ్చి కూర్చుంది. తిరువాలంగాడు రాకముందే మళ్ళీ లేచింది. జామకాయలమ్మే ముసలమ్మ రోజూ చూస్తున్న మనిషే కాబట్టి, "ఏమ్మా, సీటులో ముల్లుండాదా?" అని అడిగింది. తనుశ్రీ నవ్వబోయి ఊరుకుంది.

ముల్లు సీటులో లేదు. తనను లోపలికి రానివ్వని ఉద్యోగానికి రోజూ క్యారియరు కట్టుకుని, తల దువ్వుకుని, టైముకు వెళ్ళడం కన్నా పెద్ద ముల్లు ఏముంటుంది? పాండూరు నుంచి తిరువళ్ళూరు స్టేషనుకు స్కూటీ, అక్కణ్ణుంచి రైలు, తిరుత్తణిలో దిగి ఆటో. మిల్లు గేటు ముందు నిలబడటం, వాచ్‌మన్ దండపాణి తలవంచుకుని 'వద్దమ్మా' అనడం, మళ్ళీ రైలు. చూసేవాళ్ళకు ఇదేం పిచ్చి అనిపిస్తుంది. తనుశ్రీకీ చాలాసార్లు అనిపించింది. కానీ ఆ పని చేయమన్నది లాయరు ఇంద్రసేన.

తిరువళ్ళూరు కోర్టు పక్క సందులో ఆయన ఆఫీసు. పుట్టింది తిరుత్తణిలో, వాదించేది తమిళంలో, విసుక్కునేది మాత్రం తెలుగులో. మొదటి రోజే ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడమ్మా, నువ్వుగా మానేసినావా, వాళ్ళు మాన్పించినారా? కేసంతా ఈ ఒక్క మాట మిందే నిలబడి ఉండాది. వాళ్ళు మాన్పించినారని తేలితే ఒప్పందం నీ పక్క. నువ్వే మానేసినావని తేలితే నేను కాదు గదా, మా నాయన లేచి వచ్చినా ఏమీ చేయలేడు. ఇంట్లో కూర్చుంటే మానేసినట్టే లెక్క. రోజూ పో. గేటు కాడ నిలబడు. లోపలికి వదల్లేదంటే వదల్లేదని అక్కణ్ణించే వాళ్ళకు మెసేజి పెట్టు. రాజీనామా అనే మాట నీ నోట్లో నించి రాకూడదు, నీ చేతిలో నించి రాకూడదు."

అప్పటి నుంచి పోతూనే ఉంది. ఇంద్రసేన అటు చెట్టియారుకు నోటీసు పంపాడు, ఇటు కార్మిక శాఖలో అర్జీ పెట్టించాడు. సోమవారం అక్కడి ఆఫీసరు రెండు పక్షాలనూ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఇవాళ శుక్రవారం. మధ్యలో ఉన్నది రెండే రోజులు కాబట్టి తనుశ్రీకి ఎక్కడా కాలు నిలవడం లేదు.

తిరుత్తణిలో ఆటో దిగేసరికి దండపాణి గేటు తెరిచి ఉంచాడు.

తనుశ్రీ ఆగిపోయింది. ఇన్ని రోజులూ తెరుచుకుంటే బాగుండునని చూసిన గేటు తెరిచి కనబడితే భయం వేసింది.

"వాంగమ్మా, వాంగ, రండి" అన్నాడు దండపాణి. అతని ముఖంలో సంతోషం దాగడం లేదు. "ముదలాళి చెట్టియారే వచ్చి ఉండారు. మిమ్మల్ని లోపలికి పిలుచుకోని రమ్మనినారు. అంతా సరిపోతుందమ్మా, చూడండి."

ఆమె గేటు ఇవతలే నిలబడి ఇంద్రసేనకు ఫోను చేసింది. ఆయన నోట్లో ఇడ్లీ ఉన్నట్టుంది, కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"పో. కాఫీ ఇస్తే తాగు. మాట్లాడితే విను. దేని మిందా సంతకం పెట్టొద్దు. ఆకు వక్క ఇస్తే చెయ్యి చాపొద్దు."

"తాంబూలం వద్దంటే ఎట్ల సార్? పెద్దాయన."

"ఒకసారి చాపినందుకే గదా తల్లీ ఈ తిప్పలు" అని ఫోను పెట్టేశాడు.

లోపలికి అడుగు పెట్టగానే వాసన తగిలింది. వేయించకుండా గానుగలో పడ్డ వేరుసెనగ పచ్చి వాసన, దాని వెనకే చెక్క వేడెక్కిన వాసన. ఈ వాసన కోసమే ఆమె కవరైపేట్టై దగ్గర పెద్ద కంపెనీలో వచ్చిన ఉద్యోగం వదులుకుంది. అక్కడ ఏసీ గది, తెల్ల కోటు. ఇక్కడ దుమ్ము, గానుగల చప్పుడు. అయినా ఇది తన మిల్లు అనుకుంది. ఏ గానుగ ఎక్కడ ఉండాలో, గింజ ఎక్కడ ఆరాలో, నూనె ఎన్ని పూటలు తేరాలో అన్నీ తనే నిలబడి చేయించింది. ఇప్పుడు చుట్టంలా నడుస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పనివాళ్ళు చూస్తారని గబగబా ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

గదిలో ఇద్దరున్నారు. ఒకరు షణ్ముగం చెట్టియారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, ఎప్పుడు చూసినా ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంటాడు. రెండోవాడు ఆయన అల్లుడు శ్రీరాఘవ్. పోయిన ఏడాది చెట్టియారు కూతురు శివానిని చేసుకున్నవాడు. అతను కూర్చున్నది తనుశ్రీ కుర్చీలో. ఆమెను చూసి సగం లేచాడు. మామ వైపు చూశాడు. మామ కళ్ళతోనే కూర్చోమన్నాడు. కూర్చోవాలో లేవాలో తేల్చుకోలేక కుర్చీ అంచున అలాగే ఆగిపోయాడు. అతన్ని చూస్తే తనుశ్రీకి కోపం రాలేదు, అది ఆమెకే వింతగా అనిపించింది.

"రా పాపా, కూర్చో. టిఫను అయిందా?" అన్నాడు చెట్టియారు.

"అయింది మామా."

మామా అన్న పిలుపు చిన్నప్పటిది. పాండూరులో వాళ్ళ తాత కాలం నుంచి వేరుసెనగ ఈ చెట్టియారింటికే తోలేవారు. తనుశ్రీ అయిదేళ్ళ పిల్లగా ఎడ్లబండి మీద వస్తే ఈయనే ఎత్తుకుని కిందికి దించేవాడు. చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. ఇవాళ ఆ పిలుపు పలకడమే కష్టంగా ఉంది.

"ఏందమ్మా ఇది?" చెట్టియారు గొంతులో కోపం లేదు, బాధపడ్డ పెద్దమనిషి గొంతు. "లాయరు నోటీసంట. కార్మిక ఆఫీసంట. మన రెండు ఇండ్ల మధ్య ఇదంతా ఎందుకు? ఎండలో రోజూ గేటు కాడ నిలబడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"మిమ్మల్ని అనుకుంటారు మామా. నన్నెందుకు అనుకుంటారు?"

శ్రీరాఘవ్ తలవంచుకున్నాడు. చెట్టియారు వినిపించుకోనట్టు నవ్వాడు.

"నేను నిన్ను తీసేసినానా? తీసేసేవాడైతే మండపం పెట్టి, పదిమందిని పిలిచి, పొన్నాడ కప్పుతాడా? నీ మాదిరి మరియాద ఈ మిల్లులో ఎవురికీ జరగలా. నవ్వుతా తీసుకున్నావు, నవ్వుతా పోయినావు. మళ్ళా ఇప్పుడు నోటీసు అంటే నేను ఏమని అనుకునేది?"

"వార్షికోత్సవమని చెప్పి పిలిచినారు. పోవల్లని ఎవురూ చెప్పలా. పోతానని నేను ఎవురికీ చెప్పలా. చెప్పినట్టు ఒక్క కాగితం చూపించండి మామా."

"కాగితమా?" చెట్టియారు ఈసారి నిజంగానే నొచ్చుకున్నాడు. "మీ తాత గింజ తోలినప్పుడు కాగితం రాసినాడా? మీ నాయన రాసినాడా? కరువొచ్చిన ఏడు మీ ఇంటికి విత్తనం పంపినానే, అప్పుడు నేను సంతకం అడిగినానా? మనకు ఎప్పుడు తల్లీ కాగితం?"

తనుశ్రీ ఇన్నాళ్ళూ ఈ మాటకే లొంగిపోయేది. పెద్దలు పాత మంచిని తవ్వి తీస్తే చిన్నవాళ్ళు నోరు మూసుకోవడం మన ఇళ్ళలో మామూలే. ఇవాళ మాత్రం నోరు మూసుకోలేదు.

"స్టాంపు కాగితం కొనుక్కొచ్చింది మీరు మామా. నేను అడగలా. కవరైపేట్టై కంపెనీ వాళ్ళు పిలుస్తారని మీకు భయం. 'మూడేండ్లు యాడికీ పోనని రాసి ఇయ్యి పాపా' అని మీరే రాయించుకున్నారు. నన్ను కట్టేసేదానికి కాగితం, మీరు విప్పుకునేదానికి నోటిమాటా?"

బయట గానుగ తిరుగుతూనే ఉంది. శ్రీరాఘవ్ ఆమెను మొదటిసారి సూటిగా చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

చెట్టియారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అటు తిరిగే అల్లుడి సంగతి చెప్పాడు. "దాచేదేముండాది. మాప్పిళ్ళకు చెన్నైలో పని పోయింది. ఇంట్లోనే కూర్చోని ఉండాడు. బిడ్డ నా ముందర నవ్వతాది, గదిలో పోయి ఏడుస్తాది. శివాని మొహం నేను చూడలేకపోతిని పాపా."

"మామా, చాలు..." అన్నాడు శ్రీరాఘవ్ మెల్లగా. ఆ గదిలో అతను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"మీ బిడ్డ మొహం చూడలేకపోతే, నా మొహం ఎట్ల చూస్తా ఉండారు మామా?" అంది తనుశ్రీ.

ఆ మాట ఆయనకు తగిలింది. మనిషి చెడ్డవాడు కాదు. తన పిల్ల కంటినీళ్ళు తుడవడానికి ఎదుటివాళ్ళ పిల్ల కొంగు లాక్కున్నవాడు, అంతే. అలాంటివాళ్ళతోనే తగువు కష్టం. పచ్చి దుర్మార్గుడైతే తిట్టి బయటికి రావచ్చు. చెట్టియారు తిరిగి వచ్చి కూర్చుని, గొంతు ఇంకా తగ్గించాడు.

"తిరునిన్రవూరులో మా తమ్ముడి అంగడి ఉండాది. అక్కడ నీకొక పని చెప్పినాను. రైల్లో మీకు ఇంకా దగ్గిర. ఆ అర్జీ వెనక్కి తీసుకో."

"అంగట్లో పని నాకొద్దు. నా పని ఇదే. ఇంకా ఏడాదికి పైగా ఉండాది. మాన్పించేది ఉంటే ఒప్పందంలో ఉండే మాదిరి కారణం రాసి ఇయ్యండి. కారణం లేదు గాబట్టే గదా మీరు పొన్నాడ వెతుక్కున్నారు?"

చెట్టియారు ముఖంలో ఆ బాధపడ్డ పెద్దమనిషి పోయి వ్యాపారి వచ్చాడు. చాలాసేపటి నుంచి చేతిలో పట్టుకున్న చివరి ముక్క వేసే మనిషిలా నింపాదిగా అన్నాడు.

"నీకు తెలీకుండా జరిగిందని సోమవారం ఆఫీసరు ముందర చెప్తావు. సరే. ఇంటి పెద్దకు తెలిసే జరిగిందని నేను చెప్తా. పొన్నాడ కప్పిన విళాకు ముందర మీ ఇంటికొచ్చి, తట్టలో ఆకు వక్క పెట్టి అడిగినా. మీ నాయన తట్ట తీసుకున్నాడు. 'సరే శెట్టీ, మానిపిస్తా' అన్నాడు. సోమవారం ఆయనే వస్తాడు, మా పక్క సాక్షిగా."

తనుశ్రీకి ఆ మాటలు వినిపించాయి. అర్థం కూడా అయ్యాయి. నమ్మడం మాత్రం చేతకాలేదు.

"అబద్ధం" అంది.

"ఇంటికి పోయి అడుగు" అన్నాడు చెట్టియారు.

ఆమె ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియదు. దండపాణి ఏదో అడిగాడు, ఏదో చెప్పింది. స్టేషనుకు ఆటో ఎక్కకుండా నడిచింది. సగం దూరం పోయాక ఎండ తెలిసింది. బండ్లు వచ్చి పోతున్నా ఎక్కకుండా ప్లాట్‌ఫారం మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిరిగింది. కట్టుకున్న క్యారియరు విప్పలేదు. నాన్నకు ఫోను చేయాలని తీసి, మళ్ళీ సంచిలో పడేసింది. ఈ మాట ఫోనులో అడిగేది కాదు.

రైలు కదిలాక గుర్తొచ్చింది. మండపంలో నాన్న మొదటి వరుసలో కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. పెళ్ళిళ్ళకు కూడా చివరి వరుసలో కూర్చునే మనిషి. చెట్టియారు పొన్నాడ కప్పినప్పుడు మండపమంతా చప్పట్లు కొట్టింది, నాన్న మాత్రం తన కాళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకుంటున్నాడని ఆమె అనుకుంది. ఆ రాత్రి అమ్మకు కూడా మురిసిపోతూ అదే చెప్పింది. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే ఒళ్ళంతా చీదర పుట్టింది.

పాండూరు చేరేసరికి సాయంత్రమైంది. ఇంటి ముందు పంచలో నాన్న ధనకోటి, అమ్మ వనజాక్షి ఎదురెదురుగా కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తున్నారు. ధనకోటి మాట తక్కువ మనిషి. వనజాక్షి ఆ తక్కువంతా తనే పూడుస్తుంది. కూతురి బండి ఆగగానే మొదలుపెట్టింది.

"ఈ పొద్దన్నా లోపలికి వదిలినారా? ఆ శెట్టికి మంచీ చెడ్డా ఉండాదా? నువ్వు వదలొద్దు పాపా, రోజూ పో. కాళ్ళరిగినా పోవల్ల. చూస్తాము, వాళ్ళు నిలబడతారో మనం నిలబడతామో."

తనుశ్రీ చెప్పులు విప్పకుండానే నాన్న ముందు నిలబడింది.

"నాయనా, ఆ విళాకు ముందర శెట్టి మామ మన ఇంటికి వచ్చినాడా?"

కాయ పట్టుకున్న ధనకోటి చెయ్యి ఆగింది.

"ఎప్పుడు? యాడొచ్చినాడు?" అంది వనజాక్షి. "నేను లేకుండా ఎప్పుడొచ్చినాడు?"

"నువ్వు మీ అక్క ఇంటికి పోయుంటివి" అన్నాడు ధనకోటి. అంటే వచ్చాడన్నమాట.

అది అబద్ధమని నాన్న చెప్పాలని తనుశ్రీ లోపల్లోపల మొక్కుకుంటూ వచ్చింది. ఆ మొక్కు అక్కడికక్కడే వట్టిదైపోయింది.

"తట్ట తీసుకున్నావా నాయనా?"

"తీసుకున్నా."

"నన్ను అడగల్లని తోచలేదా? సంతకం పెట్టింది నేను. ఉద్యోగం నాది. నాకు ముప్పై ఏండ్లు. మేకపిల్లను అడిగినట్టు నిన్ను అడిగితే, నువ్వు సరే అనేస్తివా?"

"అట్ల గాదమ్మా..."

"మరెట్ల?" వనజాక్షి లేచి నిలబడింది. ఒళ్ళో కాయలన్నీ నేల మీద పడ్డాయి. "ఎట్ల? నువ్వు చెప్పు. నేను ఊరంతా తిరిగి ఆ శెట్టిని తిడతా ఉండాను. ఇంట్లో మనిషిని ఇంట్లో పెట్టుకోని!"

ధనకోటి ఇద్దరినీ చూశాడు. ఆ మనిషి జీవితంలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడి ఉండడు.

"శెట్టి వచ్చి అక్కడే, ఆ గుమ్మం కాడే కూర్చున్నాడు. 'పాపను పనిలో నించి నిలిపేయల్లని అనుకున్నాము ధనకోటీ, ఆ పని మాప్పిళ్ళకు ఇయ్యల్ల' అన్నాడు. నాకు కాలూ చెయ్యీ ఆడలా. వద్దని బతిమాలినా. మా నాయన పేరు చెప్పి బతిమాలినా. 'అయిపోయింది, నువ్వేం చెప్పినా మార్చను' అనేసినాడు. అప్పుడు నాకేం తోచాల? తరిమేసినారంటే ఊరేమనుకుంటాది? ఏం తప్పు చేసిందో, ఏం దొంగతనం చేసిందో అంటారు. ఇంకో చోట పని ఇస్తారా? అందుకని..."

"అందుకని?" అంది తనుశ్రీ.

"నేనే అడిగినా. 'తరిమేసినట్టు కాకుండా మరియాదగా పంపించు శెట్టీ, పదిమంది ముందర పొన్నాడ కప్పి పంపించు' అని. మండపం, ఫోటో, అన్నీ నేనడిగినవే. శెట్టికి ఆ ఊసే లేదు. నీ పేరు చెడకూడదని నేనే అడుక్కున్నా తల్లీ."

తనుశ్రీ అక్కడే, మెట్టు మీద కూర్చుండిపోయింది. రైల్లో దారంతా పేర్చుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. చెట్టియారు మీద కోపం ఉంది. కానీ తన మెడకు ఉరి బిగించింది ఆయన చెయ్యి కాదు, తన పరువు కోసం బతిమాలుకున్న నాన్న చెయ్యి. తిట్టడానికి నోరు రాలేదు. దగ్గరికి తీసుకోవడానికి మనసు రాలేదు.

వనజాక్షి కూడా కూర్చుంది. కింద పడ్డ కాయలు ఏరడం మొదలుపెట్టింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "వెర్రి మనిషి" అంది ఎవరికీ కాకుండా.

అప్పుడు తనుశ్రీ తల ఎత్తింది. ఏదో మాట ఆమె చెవిలో అడ్డం తిరిగింది.

"నాయనా. శెట్టి మొదట ఏమన్నాడో మళ్ళా చెప్పు."

"ఏమన్నాడు... 'పాపను పనిలో నించి నిలిపేయల్లని అనుకున్నాము' అన్నాడు."

"నువ్వు తట్ట తీసుకోకముందే?"

"ముందే. రాంగానే అదే గదా చెప్పింది."

"నువ్వు వద్దన్నా కూడా మార్చనన్నాడు?"

"అన్నాడు."

తనుశ్రీ లేచి నిలబడింది. ఇంద్రసేన మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి? ఆమె మానేయలేదు. వాళ్ళు మాన్పించారు. మాన్పించాలని నిర్ణయించుకుని వచ్చి మరీ చెప్పారు. ఆ మాట చెవులారా విన్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణీ చెట్టియారు తన సాక్షిగా తనే పిలుచుకుని వస్తున్నాడు! ఈ కేసు మొదలైనప్పటి నుంచి ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడింది ఆ నిమిషంలోనే.

"నాయనా, సోమవారం నువ్వు పో. శెట్టి పిలిచినట్టే పో. నేనే నిన్ను బండి మింద కూర్చోబెట్టుకోని పోతా. తట్ట తీసుకున్నది చెప్పు. పొన్నాడ అడిగింది చెప్పు. ఒక్కటీ దాచొద్దు. దానికి ముందర శెట్టి అన్న మాట కూడా, అన్నది అన్నట్టు చెప్పు. అంతే నాయనా. నాకు ఇంకేమీ వద్దు."

"చెప్తాడు" అంది వనజాక్షి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మామూలు మనిషైపోయింది. "ఎందుకు చెప్పడు? చెప్పకపోతే నేనే ఆఫీసరు ముందరికి వచ్చి చెప్పిస్తా. చేసిన తప్పు దిద్దుకోవల్ల గదా? కండిప్పా చెప్తాడు, చెప్పి తీరల్ల."

ధనకోటి ఒలిచిన గింజలను అరచేత్తో ఒక పక్కకు నెట్టాడు. మళ్ళీ ఇంకో పక్కకు నెట్టాడు.

"ఏం నాయనా?"

"ఆ ఒక్క మాట చెప్పలేనమ్మా."

"ఎందుకని?"

"శెట్టి నేనడిగిందానికి సరే అన్నాడు. అని, ఒక్కటి అడిగినాడు. 'నేను నిలిపేస్తానన్న మాట నీ నోటి నించి బయటికి రాకూడదు, ఒట్టు పెట్టు' అన్నాడు. పెట్టినా."

"ఒట్టు పెడితే ఏమైంది?" తనుశ్రీకి కోపం తిరిగి వచ్చింది. "వాళ్ళు స్టాంపు కాగితం మింద సంతకం పెట్టిందే తుడిచేసినారు. నువ్వు నోటిమాట పట్టుకోని నా బతుకు పోగొడతావా?"

"ఊరికే పెట్టిన ఒట్టు కాదమ్మా."

"దేని మింద పెట్టినావు?" అని అడిగింది వనజాక్షి. ఆమె గొంతు అప్పటికే మారిపోయింది.

ధనకోటి పెళ్ళాం వైపు చూడలేదు. కూతురి తల వైపు ఒకసారి చూసి, కళ్ళు దించేసుకున్నాడు.

"పాప తల మింద" అన్నాడు.

తనుశ్రీ ఏదో అనబోయింది. అంతలో వనజాక్షి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది, గట్టిగా, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. ఇన్నాళ్ళూ రోజూ క్యారియరు కట్టి, కాళ్ళరిగినా పొమ్మని పంపిన తల్లి మొగుడి వైపు తిరిగింది.

"అయితే ఆ మాట నువ్వు చెప్పొద్దు" అంది.